తలకి ఇరవై సెకన్లు

రోజు 1140, సాయంత్రం

దాటినవి: దుప్పులు పదకొండు, అడవిపందులు నాలుగు.

ఇవాళ్టి నుంచి ఈ రాత కాగితం మీద. ఎందుకో చెబుతాను. గేటు గదిలో గోడకి ఒక పెట్టె ఉంది. నేను నోటితో చెబితే విని రోజువారీ నివేదిక తానే రాసుకుంటుంది. నిన్న నేను, "ఈ దరిద్రపు గేటు మళ్లీ బిగుసుకుంది, మూడుసార్లు మొత్తుకున్నా ఒక్క వెధవా పట్టించుకోలేదు" అన్నాను. అది ఏం రాసిందో తెలుసా? "గేటు పనితీరులో స్వల్ప అసౌకర్యం గమనించడమైనది." మర్యాద నేర్పి పెట్టారు దానికి. నా తిట్లు నాకు కావాలి. అందుకని పాత ట్రంకు పెట్టెలో పడి ఉన్న నోటుపుస్తకం బయటికి తీశాను.

నా పేరు చెంగల్రాయులు. నల్లగుట్ట కనుమలో పదిహేడో నంబరు జంతు గేటు కాపలా నాది, ఇవాళ్టికి 1140 రోజులు. అంతకు ముందు ముప్పై ఒక్క ఏళ్లు లారీ నడిపాను. ఇప్పుడు ఈ రోడ్డు మీద డ్రైవరనే మనిషి లేడు. క్యాబిన్ లేని లారీలు తిరుగుతున్నాయి. సీటు లేదు, అద్దం లేదు, హారన్ లేదు. చక్రాల మీద పెట్టె, అంతే. మేం వాటిని మొండేలంటాం. ఎక్కే వైపూ దిగే వైపూ నాలుగు సెకన్లకొకటి పోతూనే ఉంటుంది. రోడ్డుకి రెండు పక్కలా రైలు పట్టాలు పాతి కట్టిన కంచె, ఏనుగు తోసినా కదలదు. అడవి జంతువు ఇటు నుంచి అటు పోవాలంటే నా గేటే గతి.

స్టీరింగ్ లాక్కున్నవాళ్లే ఈ ఉద్యోగం ఇచ్చారు. దండం పెట్టి తీసుకున్నాను. ఆ పూట నుంచి దీన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

రోజు 1143, ఉదయం

ఏనుగులొచ్చాయి. నా ఖర్మ.

ఏటా ఎండలు ముదిరి ఇటువైపు ఎర్రకుంట అడుగంటగానే అవతలి కొత్తచెరువుకి పోతాయి. ఆరు. అన్నీ ఆడవే, ఒక్క కుర్రది తప్ప. ముందు నడిచే ముసలిదానికి ఎడమ చెవి చిరిగి ఉంటుంది. ఈసారి ఏడోది కూడా ఉంది. గున్న. ఎత్తు నా నడుం దాకా, ఒంటి నిండా ఎర్ర వెంట్రుకలు. తొండంతో ఏం చెయ్యాలో ఇంకా తెలియదు దానికి, దాని తొండం మీద అదే కాలేస్తోంది.

ముద్దొచ్చిందని రాయను. నాకు ఏనుగులంటే పడదు. ఘాట్ రోడ్డు మీద టైరు మారుస్తుంటే నా క్లీనర్ వీరమునిని తొక్కి చంపింది ఏనుగే. నేను క్యాబిన్లో కూర్చుని చూశాను. ఇరవై ఏళ్లయినా ఆ కోపం చల్లారలేదు.

రోజు 1143, సాయంత్రం

వరసగా రాస్తాను.

ఇక్కడి పద్ధతి ఇది. ప్రతి జంతువుకీ ఒక గుర్తు ఉంటుంది, చిన్నవాటికి చెవి బిళ్ల, పెద్దవాటికి మెడ పట్టీ. అవి గేటు దగ్గరికి రాగానే కంట్రోల్ రూముకి తెలుస్తుంది, మొండేలు ఆగుతాయి. తలకి ఇరవై సెకన్లు. ఆరు పట్టీలుంటే రెండు నిమిషాలు. అవి కాగానే సైరన్ మోగుతుంది, మొండేలు కదులుతాయి. పట్టీ ఉన్నది ఇంకా రోడ్డు మీద ఉంటే దాన్ని తప్పించుకుని పోతాయి. పట్టీ లేనిది వాటికి లేనట్టే. గేటు తలుపులు తెరిచే పిడి నా చేతిలో ఉంది. మొండేలని ఆపే పిడి మాత్రం నాకివ్వలేదు.

నాలుగు దాటేశాయి. వెనక తల్లి, ఇంకొక ఆడది, వాటి మధ్య గున్న. రోడ్డు పక్క కాలువలోకి జారింది వెధవది. ఆ రెండూ ఆగి తొండాలతో దాన్ని పైకి లాగుతుండగానే సైరన్ మోగింది. మొండేలు కదిలాయి. సరిగ్గా అప్పుడు పైకొచ్చింది గున్న. వచ్చి ఆగొచ్చు కదా, లేదు. అవతల నిలబడ్డ ముసలిదాన్ని చూసి నేరుగా రోడ్డు మీదికి పరిగెత్తింది. మొదటి మొండెం పోయిన గాలికే గున్న వెనక్కి పడింది. రెండోది దాని తోకని సగానికి తెంపుకుని పోయింది. తల్లి కాలు పట్టి ఇవతలికి లాక్కుంది.

ఆ అరుపు రాయడం నా వల్ల కాదు. ఇంకో పది సెకన్లుంటే తోక ఉండేది. ఏడో తలని లెక్కేస్తే ఇరవై వచ్చేవి.

రోజు 1144

అవతలికి పోయిన నాలుగూ పొద్దున్నే తిరిగి ఇటొచ్చేశాయి. నాలుగు పట్టీలకి ఎనభై సెకన్లిచ్చారు, డెబ్భైలో దాటాయి. అక్కడ చెరువు నిండా నీళ్లున్నా వదిలేసి వచ్చాయి.

కంట్రోల్ రూములో నా పైన ఉన్న మనిషి పేరు సత్యవర్ధన్. ముఖం ఎప్పుడూ చూడలేదు, వాకీటాకీలో గొంతే. ఎంత తిట్టినా చలించని గొంతు.

"సార్, ఏనుగులు ఏడు ఉండాయి" అన్నాను.

"నాకు తెర మీద ఆరే కనిపిస్తున్నాయి, చెంగల్రాయులు గారూ."

"నా కంటికి ఏడు అగుపిస్తా ఉండాయి సార్. మీకు తెర ఉంటే నాకు కన్నుండాది."

"పట్టీ లేని జంతువుకి సమయం కేటాయించే వీలు లేదండీ."

"అయితే వచ్చి పట్టీ కట్టండి."

"రెండేళ్లు నిండితే గాని కట్టం. మెడ పెరుగుతుంది కదా."

"రెండేళ్లు రోడ్డు పక్కన కూసోనుండమని చెప్పేదా దానికి?"

"మీ ఆవేదన నమోదు చేసుకుంటున్నాను" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. నా ఆవేదన ఎవడు అడిగాడు? నేనడిగింది ఇరవై సెకన్లు.

రోజు 1145

ఇప్పుడు ఇరవై కూడా చాలవు. గున్న తారు మీద కాలు పెట్టడం లేదు.

పొద్దునా సాయంత్రం అదే తంతు. మొండేలు ఆగుతాయి, ముసలిది రోడ్డు మధ్య దాకా పోయి పిలుస్తుంది. తల్లి వెనక నుంచి నెడుతుంది. గున్న కాలెత్తి తారు అంచు దాకా తెచ్చి వెనక్కి తీసేసుకుంటుంది. సైరన్ మోగుతుంది. అన్నీ వెనక్కి. మిగతా ఆరింటికీ కాళ్లున్నాయి, దారి ఉంది, పోవచ్చు. పోవు. బుద్ధి లేని జాతి.

ఎర్రకుంటలో మిగిలింది బురదే. ఆ బురదనే తాగుతున్నాయి.

రోజు 1146

అరటితోట రెడ్డెమ్మ వచ్చింది. చేతిలో కర్ర, వెనక ఊరివాళ్లు ఐదారుగురు. గేటు గది ముందు నిలబడి కర్రతో తలుపు బాదింది.

"ఏం మామా, కుర్చీలో సుఖంగా ఉండావా? రా, నా తోట చూద్దువు రా."

చూశాను. ఎనిమిది సాళ్ల అరటి నేల మీద ఉంది. గెలలు తిన్నాయంటే సరే, మొవ్వులు కూడా చీల్చి నమిలేశాయి. పక్కన చెరకు మడి చదునైపోయింది. మడి నిండా పేడ కుప్పలు.

"మూడు రోజుల్నుంచి ఇదే. ఏటా వస్తాయి, ఒక పూట ఉంటాయి, పోతాయి. ఈ తూరి యాల పోలేదు?"

గున్న సంగతి చెప్పాను. ఆమె ముఖంలో జాలి ఏమీ కనిపించలేదు.

"మొండేలకి దావ కావాల, ఏనుగులకి దావ కావాల. తోట పొయ్యేది మాత్రం నాది. విను మామా, శనివారం సందకాడికి తోట చుట్టూ కరెంటు తీగ ఈడుస్తాం. చెప్పలేదనొద్దు."

"జైలుకు పోతావు రెడ్డెమ్మా."

"పోతా. ఆడన్నా తినేదానికి అరటిపండు దొరుకుతుంది."

వెనకవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తీగ చుట్ట ఆమె కొట్టంలో నా కళ్లతో చూశాను. బురద తాగి బతికే జంతువు అరటి బోదెలో ఉండే తడి కోసం మళ్లీ ఆ తోటకే వస్తుంది. వస్తే చస్తుంది. శనివారానికి నాలుగు రోజులు.

సత్యవర్ధన్‌కి చెప్పాను. పది నిమిషాలు రోడ్డు ఆపమన్నాను. "పది నిమిషాలంటే రెండు వైపులా కలిపి మూడు వందల బండ్లండీ" అన్నాడు. మళ్లీ ఆవేదన నమోదు చేసుకున్నాడు.

రోజు 1147

దాటినవి: కణుజు జింకలు రెండు. ఏనుగులు సున్న.

ఒక మాట ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాసుకుంటాను. మొండేలకి నడక నేర్పింది మేమే. నాలుగేళ్లు నా క్యాబిన్లో కెమెరాలు పెట్టారు. నా చేతులు, కాళ్లు, చూపు, గేరు ఎక్కడ మార్చాను, ఎవడికి ఎప్పుడు దారిచ్చాను, అన్నీ చూసి నేర్చుకున్నాయి. నాలాంటివాళ్లు ఆరు వందల మంది. నేర్పినందుకు శాలువా కప్పారు, తర్వాత నెలలో ఇంటికి పంపారు.

మా మేస్త్రీ మాకు నేర్పిన మొదటి పాఠం ఏమిటంటే, లోడు మీద ఉన్నప్పుడు జంతువు అడ్డమొస్తే బ్రేక్ వెయ్యొద్దు. వేస్తే బండి తిరగబడి నువ్వు చస్తావు. హారన్ కొట్టు, కళ్లు మూసుకుని పో. అలాగే పోయాను. ఒక ఎలుగుబంటి, రెండు దుప్పులు, లెక్కలేనన్ని కుక్కలు. కెమెరా చూస్తూనే ఉంది. మొండేలకి హారన్ కూడా లేదు, మిగిలింది పోవడం ఒక్కటే. కాబట్టి ఆ తోక తెంపింది ఎవరని ఎవరైనా అడిగితే, నేను.

సిగ్గుగా ఉంది. వీరముని చావుకి ఏనుగుని ఇరవై ఏళ్లు తిట్టాను, నేను తొక్కినవాటికి నన్ను ఎవరూ తిట్టలేదు.

రోజు 1148

ఇవాళ ఒక విచిత్రం జరిగింది.

పొద్దున కంచె లోపలి అంచునే నా బ్యాటరీ బండి మీద తనిఖీకి పోతుంటే పదహారో గేటుకీ పదిహేడుకీ మధ్య గొలుసు తెగింది. రోడ్డు వారగా ఆపాను. ఆపి, ఆలోచించకుండానే, బండి వెనక ముప్పై అడుగుల దూరాన మూడు రాళ్లు పెట్టి వాటి సందులో ఒక కానుగ కొమ్మ గుచ్చాను. లారీ చెడిపోతే మేమంతా చేసే పని అదే. రాళ్లు, పచ్చి కొమ్మ. వెనకొచ్చేవాడికి మాట చెప్పినట్టు. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు, చేతులు వాటంతట అవే చేసేశాయి.

గొలుసు బిగిస్తుంటే ఏదో తేడాగా అనిపించింది. చప్పుడు తగ్గింది. తలెత్తి చూస్తే మొండేలు నెమ్మదిస్తున్నాయి! ఏనుగుకి ఆగని మొండేలు, పిడుగు పడినా ఆగని మొండేలు, నా కొమ్మ దగ్గరికొచ్చి మనిషి నడిచినంత మెల్లగా పక్కకి తప్పుకుని, నన్ను దాటాక మళ్లీ వేగం అందుకుంటున్నాయి. ఒకటి కాదు, ప్రతిదీ.

కొమ్మ తీసేశాను. వేగం పెరిగింది. మళ్లీ గుచ్చాను. తగ్గింది.

రోడ్డు పక్కన కూలబడి ఏడ్చాను, సిగ్గు లేకుండా. అది నా చెయ్యి. కొమ్మ కనపడితే ఎంత తాగినోడైనా, ఎంత తొందరలో ఉన్నోడైనా స్లో చేస్తాడు. మా ఆరు వందల మందిలో ఒక్కడు కూడా ఆ మర్యాద తప్పలేదు. కెమెరా అది కూడా చూసింది.

ఇంకొకటి గుర్తొచ్చింది. ఒక పక్క కొమ్మ వేస్తే బండి చెడిందని. రోడ్డు వెడల్పంతా అడ్డంగా వేస్తే, ముందు రోడ్డు తెగిపోయింది, ఆగిపో అని. వరదల ఏడు వాగు రోడ్డుని కోసేస్తే అలాంటి కొమ్మల వెనక పదకొండు గంటలు ఆగాను. ఆ పదకొండు గంటలూ కెమెరా నా నెత్తి మీదే ఉంది.

రోజు 1149

రెడ్డెమ్మ దగ్గరికి నేనే పోయాను. తీగ చుట్ట విప్పి కర్రలకి కడుతోంది. నా ఆలోచన చెప్పాను. కొమ్మలు కొట్టడానికి, పరచడానికి ఎనిమిది మంది కావాలన్నాను.

"నీ గున్న కోసం నా మనుషుల్ని రోడ్డెక్కించాల్నా?"

"గున్న కోసం కాదు. నీ తోట కోసం. అవి పోతే నీకు పీడ పోతుంది గదా."

కర్ర మీద గడ్డం ఆనించి నన్ను ఎగాదిగా చూసింది. "సరే. మొండేలు ఆగతాయి అనుకుందాం. ఆ బిడ్డ తారు తొక్కాల గదా. దానికెట్ల?"

ఆ సంగతి నేను ఆలోచించలేదు.

"లారీలు తోలినోడివి, నీకేం తెలుస్తుంది" అంది. "కొత్తగా సిమెంటు వేసిన కొట్టంలోకి దూడ రాదు. కాలు పెట్టదు. అప్పుడేం చేస్తామంటే, పాత కొట్టంలో దాని పేడే తెచ్చి గడప కాడ్నుంచి లోపలి దాకా చల్లుతాం. దాని వాసన దానికి తగిల్తే ఇది మన చోటేలే అని వచ్చేస్తుంది."

"ఏనుగు పేడ యాడ తెచ్చేది?"

"నా తోట తిని నా తోటలోనే వేసినాయి గదా మామా. పది గంపలు ఉండాది. తీస్కపో."

ఆమె దాన్ని బిడ్డ అన్నది. నేను విన్నాను. ఆ మాట పైకి అంటే కర్రతో కొడుతుంది. శనివారం పొద్దుగుంకే ముందు ఒక్క ప్రయత్నం, అది చెడితే తీగలో కరెంటు పారుతుంది అని కూడా అక్కడే తేల్చి చెప్పింది.

రోజు 1150, శనివారం

దాటినవి ఎన్నో చివర రాస్తాను.

సాయంత్రం నాలుగున్నరకి మొదలుపెట్టాం. గేటుకి మూడు వందల అడుగుల దిగువన ఎక్కే వైపు వారగా మొదటి మూడు రాళ్లు, మొదటి కొమ్మ. మొండేలు నెమ్మదించాయి. ఇంకో కొమ్మ, కొంచెం లోపలికి. అవి ఇంకొంచెం పక్కకి జరిగాయి. ఇంకొకటి. పక్కనుంచి మొండెం పోతుంటే దాని ఇనుము వేడి ముఖానికి తగులుతోంది. రెడ్డెమ్మ మనుషులు నన్ను బూతులు తిడుతూనే కొమ్మలందించారు. ఎనిమిదో కొమ్మతో దారి మూసుకుపోయింది. మొదటి మొండెం ఆగింది. వెనకది ఆగింది. లోయ మలుపు దాకా ఒక్కొక్కటే ఆగిపోయాయి. అటువైపు కూడా అలాగే చేశాం.

చప్పుడు పోయింది. మూడేళ్లలో ఆ కనుమలో నేను పిట్ట కూత వినడం అదే మొదలు.

రెడ్డెమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు గంపలెత్తుకుని ఇవతలి గేటు నుంచి అవతలి గేటు దాకా, డివైడర్ సందులోంచి, పేడ చల్లుకుంటూ పోయారు. నల్ల తారు మీద పచ్చటి దారి పడింది. అందరినీ కొమ్మల వెనక్కి పంపి నేను పిడి లాగాను.

వాకీటాకీ మోగింది. "చెంగల్రాయులు గారూ, రోడ్డు ఎందుకు ఆగింది?"

"ముందు రోడ్డు లేదు సార్."

"రోడ్డు లేకపోవడం ఏమిటి?"

"కాసేపు లేదు సార్. మళ్లీ వస్తుంది" అని దాన్ని నేల మీద పెట్టేశాను.

ముసలిది వచ్చింది. వాసన చూసింది. నా వైపు చూసి చెవులు విప్పింది, ఆ చూపులో స్నేహమేమీ లేదు. నడిచింది. వెనక ఒకటి, రెండు. తల్లి, గున్న. గున్న తారు అంచున ఆగింది. తొండం చాపి పేడ తాకింది, నోట్లో పెట్టుకుంది, ఊసింది. మళ్లీ తాకింది. ఒక కాలు పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. "రావే, రా" అంటున్నాను, నాకే తెలియకుండా. నాలుగు నిమిషాలకి డివైడర్ దాకా వచ్చి అక్కడ కూర్చుంది. మధ్యలో! కూర్చుంది!

ఆరో నిమిషంలో చక్రాల చప్పుడు వినిపించింది. మొదటి మొండెం కదులుతోంది. కొమ్మ మీదికి మెల్లగా ఎక్కుతోంది. నాకప్పుడు వెలిగింది. మేమూ అంతే చేసేవాళ్లం. ఐదారు నిమిషాలు ఆగి, ఎవడూ కనపడకపోతే కొమ్మ తొక్కుకుంటూ ముందుకి జరిగి చూసేవాళ్లం. మా ఓపిక ఎంతో వాటి ఓపికా అంతే!

పరిగెత్తాను. అరవై రెండేళ్ల మోకాళ్లతో. మొండేనికి ఎదురుగా కొమ్మల ముందు నిలబడి భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి ఊపాను. రోడ్డు తెగిన చోట మనిషి నిలబడి తువ్వాలు ఊపితే ఆగాలి, అది కూడా మా మర్యాదే, వరదలప్పుడు నన్ను అన్ని గంటలు ఆపిందీ అదే. నాకూ పట్టీ లేదు. తువ్వాలే ఉంది. మొండెం వస్తూనే ఉంది. అటువైపు రెడ్డెమ్మ తల గుడ్డ విప్పి ఊపుతోంది, "ఆగరా దొంగనాకొడకా" అని కేకలేస్తోంది. నా మొండెం నా పొట్టకి జానెడు దూరంలో ఆగింది. ఆమెదీ ఆగింది. ఇద్దరం ఊపుతూనే ఉన్నాం.

వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. ఊపుతూనే ఉన్నాను. ఎంతసేపో తెలియదు. చివరికి ఎవరో అరిచారు, "పొయినాయి మామా! పొయినాయి!" అని. తిరిగి చూస్తే అవతలి గేటులోంచి సగం తోక ఒకటి పొదల్లోకి పోతోంది.

కృతజ్ఞత ఏమీ లేదు. పోయే ముందు కుర్రది అవతలి నీళ్ల కొళాయి పెరికేసింది. గడియారం చూశాను, మొత్తం పదకొండు నిమిషాలు. కొమ్మలు లాగేశాం. రెడ్డెమ్మ ఖాళీ గంప నడుముకి పెట్టుకుని, "వచ్చే ఏడు నా తోటలోకి వచ్చినాయంటే నిన్నే కట్టేస్తా ఆడ" అని పోయింది. తీగ మాత్రం అదే పూట విప్పేసింది.

రోజు 1151

సత్యవర్ధన్ ఇవాళ మొదటిసారి కొంచెం మనిషిలా మాట్లాడాడు. అందుకే ఎక్కువ కోపమొచ్చింది.

"బండ్ల కెమెరాల్లో కొమ్మలన్నీ చూశాను. నిన్నటి నివేదిక ఇంకా మీరు ఇవ్వలేదు. చెబుతాను వినండి. గాలికి కొమ్మలు విరిగి రోడ్డు మీద పడ్డాయి. అదే సమయంలో ఆరు ఏనుగులు దాటాయి. ఇలా ఇస్తే ఇక్కడితో అయిపోతుంది. ఎవరూ అడగరు."

"ఏడు సార్."

"ఏడు అంటే పట్టీ లేని జంతువు దాటినట్టు. దానికి రోడ్డు ఎవరు ఆపారని విచారణ వస్తుంది. మీ ఉద్యోగం పోతుంది. ఆ కొమ్మల అలవాటు బండ్లన్నిటి బుర్రల్లోంచీ తీసేస్తారు. మీకు అది ఇష్టమేనా?"

ఇష్టం లేదు. అది మాది. ఆరు వందల మందిలో సగం మంది ఇప్పుడు లేరు, వాళ్ల చేతులు ఆ కొమ్మ దగ్గర మాత్రమే బతికి ఉన్నాయి.

"ఏడు అని రాస్తే గున్నకి ఏమవుతుంది?" అని అడిగాను.

"గేటు నివేదికలో ఎక్కిన జంతువు ఉన్నట్టే లెక్క. పట్టీ లేకపోయినా మందతో పాటు దానికి ఇరవై సెకన్లు వస్తాయి. ఆరు అని రాస్తే... అది లేదు."

చలికాలంలో అవి తిరిగి వస్తాయి. అప్పుడు ఈ గేటు దగ్గర నేనుంటానో, ఇంకెవడుంటాడో. వాడికి కొమ్మ సంగతి తెలుస్తుందో లేదో. గున్నకి అప్పటికి కాళ్లు గట్టిపడతాయి, నడుస్తుంది. నడిచినదానికి ఇరవై సెకన్లు చాలు.

గోడ పెట్టె ముందు నిలబడ్డాను. మాటల్ని అది ఎలాగూ కడిగేస్తుంది. అంకెల్ని కడగలేదు, ఆ సంగతి నాకు తెలుసు.

"దాటిన ఏనుగులు ఎన్ని?" అంది.

"ఏడు."

"నమోదైన పట్టీలు ఆరు. దయచేసి సరిచూసుకోండి."

"ఏడు."

"రోడ్డు ఆగడానికి కారణం?"

"చెంగల్రాయులు, పదిహేడో గేటు. కొమ్మలు వేసింది నేను."

రెడ్డెమ్మ పేరు చెప్పలేదు. నమోదైంది అంది పెట్టె.

రేపు సోమవారం ఉదయం కొత్త కాపలావాడు వస్తాడట, నేను గది ఖాళీ చెయ్యాలి. ఆ రోజే కొమ్మల అలవాటు కూడా తీసేస్తారట. మేం నేర్పినదాంట్లో మంచిది అదొక్కటే, అది తీసేస్తారు. జంతువుకి బ్రేక్ వెయ్యకుండా పోవడం మాత్రం ఉంచుతారు. వాళ్ల మొహాలు మండ.

సాయంత్రం రోడ్డు వారన మూడు రాళ్లు పెట్టి, ఒక కానుగ కొమ్మ గుచ్చి వచ్చాను. చెడిపోయిన బండి ఏదీ లేదు, ఊరికే. గది మెట్టు మీద కూర్చుని చూస్తున్నాను. వచ్చిన ప్రతి మొండెమూ అక్కడ నెమ్మదించి, పక్కకి తప్పుకుని పోతోంది. ఇంకా ఒక రాత్రి ఉంది.

దాటినవి: ఏడు.